సీటొచ్చే చాన్స్ ఎంత? ఆ లెక్కలో మా పెంట లేదు

మే నెల వచ్చిందంటే నా ఫోన్ ఆగదు. "అన్నా, ఇన్ని మార్కులు వస్తయనుకుంటున్న, సెంట్రల్ యూనివర్సిటీల సీటొస్తదా?" "అన్నా, నీట్ల ఇంత వస్తే ఎస్టీ కోటాల నాగర్‌కర్నూల్ మెడికల్ కాలేజీ దొరుకుతదా?" అమ్రాబాద్ నుంచి, లింగాల నుంచి, కొల్లాపూర్ దిక్కు నుంచి, వనపర్తి, గద్వాల హాస్టళ్ల నుంచి ఒకటే ప్రశ్న.

మొన్న ఒక చెల్లె స్క్రీన్‌షాట్ పంపింది. ర్యాంక్ ప్రిడిక్టర్ అనే యాప్‌లో మార్కులు కొట్టింది. ఎర్ర అక్షరాల్లో జవాబు వచ్చింది: మీ అవకాశం తక్కువ. దాని కిందనే కోచింగ్ ప్యాకేజీ ప్రకటన, సగం ధరకే అని. ఆ పిల్ల నన్ను అడిగిన మాట ఇది: "అన్నా, ఇగ అప్లై చెయ్యొద్దా మరి?"

ఈ వ్యాసం ఆ చెల్లెకు జవాబు. ఆ చెల్లెను ఆ ప్రశ్న అడిగే కాడికి తెచ్చినోళ్లకు కూడా జవాబే.

ఆ యాప్ ఏం అడుగుతదో చూడండి. మార్కులు ఎన్ని, కేటగిరీ ఏంది, ఆడా మగా, ఏ రాష్ట్రం. నాలుగు డబ్బాలు. మీ బడిల లెక్కల సారు ఎన్ని నెలలు ఉన్నడు అని అడగదు. ఇంటర్ల ఫిజిక్స్ ల్యాబ్ చూసినవా అని అడగదు. ఓటీపీ కోసం గుట్ట ఎక్కాల్నా అని అడగదు. ఎస్టీ అనే ఒక్క డబ్బాలో హైదరాబాద్‌లో పెరిగిన ఉద్యోగి కొడుకునూ, అప్పాపూర్ పెంటల పుట్టిన చెంచు బిడ్డనూ కలిపి వేస్తది. వేసి, ఇద్దరికీ ఒకటే జవాబు చెప్తది.

ఒక లెక్క చేద్దాం. ఇది సర్వే లెక్క కాదు, పలక మీద చేసుకునే లెక్క. పెద్ద యూనివర్సిటీకి పోవాలంటే మా పిల్లలు దాటాల్సిన గడపలు ఆరు అనుకుందాం. ఒకటి, పది దాటాలె. రెండు, ఇంటర్ల కావాల్సిన గ్రూపు దొరకాలె. మూడు, ఫలానా పరీక్ష ఒకటి ఉందని టైముకు తెలవాలె. నాలుగు, కులం కాగితం, ఆదాయం కాగితం చేతిల పడాలె, ఆధార్‌ల పేరు మెమోల పేరు ఒకటే ఉండాలె. ఐదు, జిల్లా దాటి పరీక్ష కేంద్రానికి ఆ పొద్దుకు చేరాలె. ఆరు, పరీక్ష అయినంక పోర్టల్, కౌన్సెలింగ్ సరిగ్గ చెయ్యాలె. ఒక్కో గడప దగ్గర సగం మందే దాటుతరనుకోండి. అరవై నాలుగు మందిల ఆఖరికి ఒక్కరు మిగులుతరు. కటాఫ్ అనే ఏడో గడప అప్పుడొస్తది. యాప్ కొలిచేది ఆ ఏడో గడపనే. ముందే రాలిపోయిన అరవై ముగ్గురు దాని లెక్కల లేరు.

నేను రాలింది ఆరో గడప దగ్గర. సీయూఈటీ రాసిన, పర్సెంటైల్ మంచిగనే వచ్చింది. పేపర్ల జాబితా వస్తది, పిలుస్తరు అనుకుని ఇంట్ల కూసున్న. పరీక్ష వేరు, యూనివర్సిటీ పోర్టల్‌ల మళ్లీ విడిగ దరఖాస్తు పెట్టుడు వేరు అని నాకు చెప్పినోళ్లు లేరు. తెలిసేసరికి గడువు దాటి తొమ్మిది రోజులు. జిల్లాలోనే డిగ్రీ చేసిన. దానికి సిగ్గుపడను. కానీ ఆ ఏడు నన్ను తీసేసింది తెలివితక్కువతనం కాదు, ఒక్క సమాచారం. నా వెనక ఎంతమంది అట్లనే పోయిన్రో ఎవ్వరి రిజిస్టర్లల్లా ఉండదు.

అందుకే ముందు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్త.

సీయూఈటీ 2022ల మొదలైంది. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ పెడుతది. తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయొచ్చు. రైటుకు ఐదు మార్కులు, తప్పుకు ఒకటి కోత. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే సగం ఆట అయిపోతది. నీకు కావాల్సిన కోర్సుకు ఆ యూనివర్సిటీ ఏ సబ్జెక్టులు అడుగుతదో ముందు చూసుకోవాలె. అవి రాయకపోతే ఎన్ని మార్కులొచ్చినా అర్హత ఉండదు. ఫలితాలు వచ్చినంక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయినా, ఇంకోటైనా, వాళ్ల వెబ్‌సైట్‌ల మళ్లీ పేరు నమోదు చేసుకోవాలె. పోయినేటి కటాఫ్ చూడాలంటే మొదటి రౌండు చూడకండి. ఆఖరి రౌండుల ఎస్టీ సీటు ఎక్కడ మూసుకుందో చూడండి. మొదటి జాబితాల పేరున్నోళ్లు ఐఐటీకో, ఢిల్లీకో పోతరు, జాబితా కిందికి జరుగుతది. మొదటి రౌండు చూసి భయపడి ఆగిపోయినోళ్ల సీటు వేరేటోళ్లు ఎత్తుకపోతరు. ఒక్క కోర్సు రాసి ఊకోకండి, అర్హత ఉన్న అన్ని ఆప్షన్లు నింపండి.

చాన్స్ లెక్క నిజంగ చెయ్యాలంటే అట్ల చెయ్యాలె. యాప్ ఎర్ర అక్షరాలు జాతకం కాదు.

ఇగ అసలు కొట్లాట సంగతి.

మా మూడు జిల్లాలకు ఇప్పుడు బోర్డుల కొరత లేదు. పాలమూరు యూనివర్సిటీ 2008ల వచ్చింది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌ల పాలిటెక్నిక్ పెట్టి అరవై ఏళ్లు దాటింది. నాగర్‌కర్నూల్, వనపర్తి మెడికల్ కాలేజీలు 2022ల మొదలైనయి, గద్వాలది 2024ల. ప్రారంభాల రోజు నాయకులు "మీ బిడ్డలు ఇక ఇక్కడే డాక్టర్లు అవుతరు" అన్నరు. మంచి మాట. కాలేజీ దగ్గరికొచ్చింది. సీటు దగ్గరికొచ్చిందా? 2011 జనాభా లెక్కల్ల తెలంగాణ మొత్తంల అక్షరాస్యత అందరికన్నా తక్కువ ఉన్నది గద్వాల ప్రాంతంలనే, సగం మందికి కూడా చదువు రాదు. ఆ జిల్లా నడిబొడ్డున తెల్ల కోట్ల కాలేజీ పెట్టినంత మాత్రాన ఆ జిల్లా పిల్లలు అందుల ఉన్నట్టు కాదు. బిల్డింగు మాది, సీట్లు ఇంకొకరివి.

"ఎస్టీ కోటా ఉంది కదా" అంటరు. ఉంది. కేంద్ర సంస్థల్లో 7.5 శాతం. తెలంగాణల 6 శాతం ఉన్నది 2022ల 10 శాతం అయింది. దాని కోసం కొట్లాడినోళ్లల్ల మేమూ ఉన్నం. కానీ ఆ పది శాతంల మా వాటా ఎంతో పలక మీద చేద్దాం.

2011 లెక్కల్ల తెలంగాణల ఎస్టీలు దాదాపు 32 లక్షలు. అందుల చెంచులు పదహారు వేల పైచిలుకు. అంటే రెండు వందల మంది ఎస్టీల్ల ఒక్కరు. నూట యాభై సీట్ల మెడికల్ కాలేజీ ఒకటి అనుకుందాం. 15 శాతం ఆలిండియా కోటాకు పోతే మిగిలేది నూట ఇరవై ఏడు. అందుల పది శాతం అంటే పన్నెండో, పదమూడో. ఆ పదమూడుల రెండు వందలో వంతు మాది. లెక్క కడితే పదిహేను ఏళ్లకు ఒక సీటు. అదీ జనాభా ప్రకారం ధర్మంగ పంచితే. పోటీల అయితే అదీ లేదు.

ఈ లెక్క నేను మా వాళ్లకే ముందు చూపిస్తున్న. ఎందుకంటే మా ఉద్యమంల కూడా ఒక అలవాటు పడ్డది. సీటు రాకపోతే తండా దిక్కు వేలు చూపుడు. 1976 చట్టంతోని తెలంగాణ లంబాడీలను ఎస్టీ జాబితాల కలిపిన్రు, అప్పటి నుంచి ఆదివాసుల వాటా పోయింది అన్న వాదన అందరికీ తెలిసిందే. ఆ చర్చ చట్టసభల్ల, కోర్టుల్ల జరగాల్సిందే, నేను కాదనను. కానీ నిజం మాట్లాడుకుందాం. గద్వాల హాస్టల్ల నా పక్క మంచం మీద పండుకున్న తండా పోరడు కూడా సీటు రాక హైదరాబాద్‌ల డెలివరీ బండి నడుపుతున్నడు. వాని సీటు నేను గుంజుకుంటే నా పెంటకు డాక్టర్ రాడు. పైన చేసిన లెక్కల జాబితాను రెండుగ చీల్చినా, మూడుగ చీల్చినా, జనాభా వాటా అనే సూత్రం మీదనే పోతే పదహారు వేల మందికి మిగిలేది భిన్నమే. భిన్నం మీద ఎవ్వరూ కూసోలేరు.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం దవీందర్ సింగ్ కేసుల తీర్పు ఇచ్చింది. రిజర్వేషన్ల లోపల వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీలను మూడు గ్రూపులుగ చేసి అమలు చేసింది. అందరికన్నా వెనకబడ్డోళ్లను ముందు పెట్టాలె అన్న మాట చట్టమైంది. మరి ఎస్టీలల్ల అందరికన్నా వెనకబడ్డోళ్లు ఎవరో కొత్తగ వెతకాల్నా? కేంద్రమే పేరు పెట్టింది కదా. మొదట ఆదిమ గిరిజన తెగలు అన్నరు, 2006ల ఆ పేరు మార్చి పీవీటీజీలు అన్నరు. దేశం మొత్తంల 75. తెలంగాణల నాలుగు: చెంచులు, కోలాములు, కొండరెడ్లు, తోటీలు. జాబితా ఉంది, పేరు ఉంది. ఆ పేరుతోని యూనివర్సిటీల ఒక్క సీటు లేదు.

2023 నవంబరు 15న ఝార్ఖండ్ ఖుంటిల ప్రధాని జన్‌మన్ పథకం మొదలుపెట్టిన్రు. 24 వేల కోట్ల పైన. ఇండ్లు, రోడ్లు, నీళ్లు, అంగన్‌వాడీ, హాస్టల్, సెల్ టవర్, కరెంటు, వృత్తి శిక్షణ. అన్నీ కావాలె, రావాలె. కానీ ఉన్నత విద్య అనే పద్దు అందుల లేదు. మాకు ఇల్లు కట్టిచ్చేటోడు, టవర్ పెట్టేటోడు మా పిల్లగాడు ఇంజినీర్ అవుతడని మాత్రం అనుకోలేదు. వృత్తి శిక్షణ కాడికే మా బతుకు గీత గీసిన్రు.

కుదరదని ఎవ్వరూ చెప్పలేరు, ఎందుకంటే ఈ దేశంలనే ఇదివరకే చేసిన్రు. గిరిజన విద్యార్థులకు కేంద్రం ఇచ్చే విదేశీ చదువుల స్కాలర్‌షిప్‌లు ఏడాదికి 20. అందుల 17 ఎస్టీలకు, 3 విడిగ పీవీటీజీలకు. ఏకలవ్య గురుకులాల ప్రవేశాల్ల పీవీటీజీ పిల్లలకు 5 శాతం. అంటే ఆరో తరగతిల మమ్మల్ని గుర్తుపట్టిన్రు, లండన్ పోయేటప్పుడు గుర్తుపట్టిన్రు. నడిమిట్ల గచ్చిబౌలి కాడ మర్చిపోయిన్రు. ఆరో తరగతి నుంచి లండన్ దాకా పోయే తొవ్వ గచ్చిబౌలి మీదికెళ్లే కదా పోయేది!

ఇక్కడ మెరిట్ మాట తెచ్చేటోళ్లు ఉంటరు. "తక్కువ మార్కులకు సీటిస్తే చదవగలుగుతరా?" అని. వాళ్లకు ఐఐటీలను చూపిస్త. ఐఐటీలల్ల ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగుల సీట్లు మిగిలితే ఆ సీటును ఊకె వదిలెయ్యరు. కొద్దిగ తక్కువ మార్కులొచ్చిన పిల్లలను ఏడాది ప్రిపరేటరీ కోర్సుల చేర్చుకుని, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ నేర్పి, మరుసటేడు కోర్సుల చేర్చుకుంటరు. దేశంల అందరికన్నా కష్టమైన సంస్థ చేసిన పని మిగతా యూనివర్సిటీలకు ఎందుకు చాతకాదు? మెరిట్ అంటే పరీక్ష నాటికి ఎంత తెలుసు అనేనా, ఎంత దూరం నుంచి నడిచొచ్చినవ్ అన్నది ఏమీ లేదా? ఐదేళ్ల కోచింగ్ తీసుకుని ఎనభై తెచ్చుకున్నోడు, సారు లేని బడి నుంచి నలభై ఐదు తెచ్చుకున్నది, ఇద్దరిల ఎవరికి ఎక్కువ చదువొస్తదో నాలుగేళ్లు చదివిచ్చినంక చెప్పండి.

సారు లేని బడి అన్న కదా, దానికీ ఒక చరిత్ర ఉంది. అచ్చంపేట తాలూకా నల్లమల పెంటలు ఐదో షెడ్యూల్‌ల ఉన్నయి. 2000ల వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ఏరియా బడుల్ల టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత ఏ ప్రభుత్వమూ దాని జాగల గట్టి చట్టం తేలేదు. పెంటల ఉండే మనిషి సారు అయితే బడి నడుస్తది. బస్సు దొరికితే వచ్చే సారు ఉంటే బడి బస్సును బట్టి నడుస్తది. కటాఫ్ కాడ మా పిల్ల పోగొట్టుకునే మార్కులు మూడో తరగతిలనే పోయినయి.

భాష సంగతి కూడా అంతే. సీయూఈటీ తెలుగుల రాయొచ్చు, సంతోషం. నల్సార్ అసొంటి పెద్ద లా యూనివర్సిటీల చదవాలంటే క్లాట్ ఇంగ్లిష్‌లనే. హైదరాబాద్‌లనే ఉన్న నల్సార్ గేటు మా పెంట పిల్లకు అక్కడనే మూసుకుంటది. అడవి హక్కుల కేసుల్ల మా తరఫున వాదించేటందుకు మాకు లాయర్ లేడు, నల్సార్‌కు పోయే పరీక్ష మాకు అర్థమయ్యే భాషల లేదు.

"అంత పెద్ద యూనివర్సిటే ఎందుకు? ఐటీఐ చేసి బతకరాదా?" అని మా మేలు కోరేటోళ్లే అంటరు. ఐటీఐ మంచిదే. కానీ చెప్పండి, 2019ల నల్లమలల యురేనియం తవ్వుతమన్నప్పుడు ఆ డ్రిల్లింగ్ కాగితాలు చదివి మాకు చెప్పింది ఎవరు? బయట నుంచి వచ్చిన సైంటిస్టులు, ప్రొఫెసర్లు. వాళ్లకు దండం. అందరం కలిసి నిలబడితే ఆ సెప్టెంబరుల అసెంబ్లీ యురేనియం వద్దని తీర్మానం చేసింది. ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కోర్ నుంచి ఊర్లు లేపే మాట నడుస్తున్నది. కుటుంబానికి పదిహేను లక్షల ప్యాకేజీ అంటున్నరు. 2006 అటవీ హక్కుల చట్టం ఏం చెప్తది, గ్రామసభ ఒప్పుకోలు అంటే ఏంది, ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తే ఏమైతది? వేలిముద్ర వేసే అవ్వ పక్కన కూసుని ఆ కాగితం మొత్తం చదివే మనుమరాలు కావాలె. పులుల లెక్క వేసే సైంటిస్టుల్లో ఒక చెంచు ఉండాలె, ఎందుకంటే అడుగుజాడ చూసి పులి ఎటు పోయిందో చెప్పే విద్య మా తాతలది. ఆ విద్యకు రోజు కూలి, దాన్నే ఇంగ్లిష్‌ల రాసినోడికి పీహెచ్‌డీ. ఎన్నాళ్లు ఇట్ల?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎట్ల పుట్టిందో యాది చేసుకోండి. 1973 ఆరు సూత్రాల పథకంల ఒక సూత్రం అది. మా ప్రాంతానికి అన్యాయం జరిగిందని జనం రోడ్ల మీదికొస్తే 1974ల వచ్చింది. ములుగు సమ్మక్క సారక్క గిరిజన యూనివర్సిటీ 2014 విభజన చట్టంల మాట, 2023 డిసెంబరుల పార్లమెంటుల పాసైంది. అంటే ఈ రెండు యూనివర్సిటీలు కొట్లాటలకు వచ్చిన జవాబులు. కొట్లాటతోని పుట్టినయి గనుక వాటి గేటు కాడ నిలబడి అడిగే హక్కు మాకుంది.

మేం అడుగుతున్నవి ఇవి.

ఒకటి. తెలంగాణల ఉన్న ప్రతి రాష్ట్ర, కేంద్ర యూనివర్సిటీల ప్రతి కోర్సుల పీవీటీజీ విద్యార్థికి ఒక అదనపు సీటు, ఉన్న సీట్ల మీద సూపర్‌న్యూమరరీగ. ఎవ్వరి సీటూ పోదు, తండాది పోదు, గూడేనిది పోదు.

రెండు. మెడిసిన్‌ల అర్హత మార్కు దాటిన పీవీటీజీ అభ్యర్థి ఉంటే ఎస్టీ కోటాల మొదటి సీటు వాళ్లకు. మా మూడు జిల్లాల కాలేజీల్లనే మొదలుపెట్టండి.

మూడు. సీటొచ్చిన పిల్లలకు ఐఐటీ లెక్క ఒక ప్రిపరేటరీ ఏడాది, హాస్టల్‌తోని, ఇంగ్లిష్‌తోని.

నాలుగు. మన్ననూర్ ఐటీడీఏల ప్రవేశాల కాలంల ఒక డెస్క్. దరఖాస్తు, సర్టిఫికెట్లు, పోర్టల్, పరీక్షకు బండి, అన్నీ అక్కడనే. ఏటా ఎంతమంది రాసిన్రు, ఎంతమందికి సీటొచ్చింది, ఎంతమంది నడిమిట్ల ఆపేసిన్రు, పీవీటీజీ లెక్క విడిగ ప్రకటించాలె.

ఐదు. షెడ్యూల్డ్ ఏరియా బడుల్ల స్థానిక టీచర్ల కోసం కోర్టుల నిలబడే చట్టం.

ఇండ్ల రోడ్ల లెక్కకు ఇది మస్తు చిన్న ఖర్చు. చెయ్యకపోతే అది డబ్బు లేక కాదు, మనసు లేక.

ఆఖరికి ఆ చెల్లెకు. నల్లమలల కొండ అంచున తేనె తియ్యాలంటే తాడు కట్టుకుని కిందికి దిగుతరు. పైన తాడు పట్టేది బామ్మర్ది. అక్క పసుపుకుంకుమ వాని చేతుల ఉంటది కాబట్టి వాడు తాడు వదలడు. దిగేటోడు లోయ ఎంత లోతని అడగడు, తాడు ఎవరి చేతిల ఉందని అడుగుతడు. నీ చాన్స్ ఎంతో చెప్పిన యాప్ లోతు మాత్రమే కొలిచింది.

దరఖాస్తు పెట్టు తల్లీ. గడువు నేను రాసి పెట్టిన, పోర్టల్ కాడ నేను కూసుంట. సర్టిఫికెట్ కోసం మీసేవకు మీ అన్నను పంపు. సీటొస్తే నీ వెనక ఇంకో పదిమంది వస్తరు. రాకపోతే ఎందుకు రాలేదో కాగితం మీద రాసుకుని అందరం కలిసి ఐటీడీఏ గేటు కాడికి పోదాం. ఏది జరిగినా ఈసారి మన లెక్క రిజిస్టర్ల ఎక్కుతది.

జై ఆదివాసీ. జై నల్లమల.